ఆముదాల మిల్లు తాళం

మూతపడిన ఆముదాల మిల్లును కళాభవనంగా మార్చిన మహానుభావుల్లో మా ఆయన ఒకరు. ఆయన కళాసమితికి కార్యదర్శి. కార్యదర్శి అంటే మీటింగులు వాళ్లింట్లో జరుగుతాయని అర్థం. మీటింగులు వాళ్లింట్లో జరుగుతాయంటే కాఫీలు వాళ్లావిడ కలుపుతుందని అర్థం. ఆ లెక్కన ఆ భవనానికి నేను చేసిన సేవ కూడా తక్కువేమీ కాదు. శిలాఫలకం మీద మాత్రం నా పేరు వేయడం ఎందుకో మరిచిపోయారు.

మాది కృష్ణా జిల్లా. మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర పబ్లిక్ సెక్టారు ప్లాంటులో ఉద్యోగం దొరికాక, అరవైల చివర్లో, పెళ్లయిన కొత్తలో ఒక ట్రంకుపెట్టె, రెండు పరుపుచుట్టలతో వచ్చి ఇస్నాపూర్‌లో అద్దెకు దిగాం. క్వార్టర్సు రేపో మాపో ఇస్తామన్నారు. ఆ రేపూ మాపూ వచ్చేసరికి నాకు జుట్టు నెరవడం మొదలైంది. ఈలోగా మాలాంటి కోస్తా సంసారాలు చాలా వచ్చి బొంబాయి రోడ్డు పొడవునా ఉన్న పల్లెల్లో గదులు తీసుకున్నాయి. మేమంతా కలుసుకున్నప్పుడల్లా ఇక్కడి నీళ్ల గురించి, ఇక్కడి బియ్యం గురించి, ఇక్కడి కూరగాయల గురించి నిట్టూర్చేవాళ్లం. జీతం గురించి మాత్రం ఎవరూ నిట్టూర్చేవారు కాదు.

మా వాకిట్లో నిలబడితే ఎదురుగా కనిపించేది ఆ మిల్లే. రాతిగోడలు, రేకుల కప్పు. దాని యజమాని హైదరాబాదులో ఉండే సేఠు. నష్టాలు వచ్చాయని, మేం రాకముందే మిల్లు మూసేసి యంత్రాలు అమ్ముకున్నాడు. వాసన మాత్రం ఎవరూ కొనుక్కోలేదు కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. వాన పడితే చాలు, ఆముదం కంపు ఇంట్లోకి వచ్చేది. తలకు నూనె రాసుకునే పని లేదు, కిటికీ తెరిచి కూర్చుంటే చాలు అని మా అమ్మకు ఉత్తరం కూడా రాశాను.

మా ఇంట్లో గిన్నెలు తోమడానికి వచ్చే ఆమెను ఊరంతా మిల్లక్క అనేది. చిన్నప్పటి నుంచి మూసేసే రోజు దాకా ఆ మిల్లులో ఆముదాలు ఎండబోసి, చెరిగి, మోసిన మనిషి. నాకంటే బాగా పెద్దది. నోరు అంతకంటే పెద్దది. నేను మొదటి వానకు ముక్కు మూసుకుంటే బోర్లించిన గిన్నె మీద చెయ్యి పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందమ్మా, గట్ల ముక్కు మూసుకుంటున్నవ్? గా వాసన్లనే బతికినోళ్లం మేం. మిల్లు నడిచినన్ని దినాలు మా నెత్తులు ఎన్నడన్న ఎండినయా?"

ఆ ఏడాదే ఒకరోజు ఆమె కొంగునిండా తంగేడుపూలు పెట్టుకుని పనికి వచ్చింది. ఏమిటని అడిగాను. బతుకమ్మ అంది. అదేమిటని అడిగాను. ఆమెకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"బతుకమ్మ ఎర్కలేదా? మీ దిక్కు ఆడరా? మరి దసరకు ఏం జేస్తరమ్మా మీ ఆడోళ్లు?"

నేను ఆలోచించాను. మావైపు దసరాకు ఆడవాళ్లం బొమ్మలకొలువు పెడతాం, మెట్లు కట్టి బొమ్మల్ని కూర్చోబెడతాం, పేరంటానికి వచ్చినవాళ్లు చూసి వెళతారు అని చెప్పాను.

"బొమ్మలు కూసుంటయి, మీరు సూస్తరా?"

"అవును."

"అయ్యో పాపం," అని మళ్లీ గిన్నెల మీద పడింది.

ఆ సాయంత్రం నన్ను మిల్లుకు తీసుకెళ్లింది. తలుపులకు తాళం లేదు, అసలు వేసే అవసరమే లేదు. లోపల నున్నటి గచ్చు. మధ్యలో నూనె పిండే యంత్రం తాలూకు ఇనుప దిమ్మ, నడుమెత్తున, గచ్చులోకి దిగేసి ఉంది. సేఠు మనుషులు దాన్ని పీకలేక వదిలేశారు. ఆ దిమ్మ మీద బతుకమ్మలు పెట్టి కూలివాడ ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతున్నారు. బయట వాన. రేకుల మీద వాన మోత, లోపల చప్పట్ల మోత. ఊరి నడుమ అంత చోటుండగా ఈ కంపులో ఎందుకు ఆడుతున్నారని తిరిగి వచ్చేటప్పుడు అడిగాను.

"ఊళ్లె పెద్దిండ్లోళ్లు ఆడేకాడ మేం ఆడొద్దని ఎవ్వలనలె. ఆడొచ్చు. గని జెర అవుతలికి జరిగి ఆడాలె. ఆళ్ల పాట అయిపోయినంక ఎత్తుకోవాలె. వానొస్తే ఆళ్లు అరుగులెక్కుతరు, మేం నానుకుంట నిలవడాలె. మిల్లు బందైన ఏడు నేనే అందర్ని ఈడికి తోలుకొచ్చిన. రేకులున్నయి, గచ్చున్నది. జెర అవుతలికి జరుగు అనెటోళ్లు లేరు."

మూతపడిన మిల్లు ఆ ఆడవాళ్లకు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. తెలియవలసినవాళ్లకు మాత్రం తెలియలేదు. వాళ్లు కళాపోషణలో ఉన్నారు.

మా ఆయనకు పౌరాణిక నాటకాల పిచ్చి. ప్లాంటులో ఆయనలాంటి వాళ్లు ఇంకొందరు పోగయ్యారు. స్టోర్స్‌లో పనిచేసే ఒక గుమాస్తాకు గడ్డం సరిగా మొలవలేదన్న ఒక్క కారణంగా రాణి వేషాలన్నీ ఆయనకే ఇచ్చేవారు. రిహార్సల్సు మా వసారాలో. ఒక్కో పద్యానికి రాగం తీస్తుంటే పక్కింటి గేదె తాడు తెంపుకుని పారిపోయింది. దీంతో కళకు సరైన వేదిక లేదని అందరూ ఒప్పుకున్నారు. గేదె యజమాని అందరికంటే ముందు ఒప్పుకున్నాడు.

అదే సమయంలో ప్రాంతాల గొడవలు వచ్చి చల్లారాయి. అవి చల్లారగానే పెద్దలకు ఐకమత్యం గుర్తుకొచ్చింది. స్థానికులతో కలిసిపోవాలి, వాళ్ల సంస్కృతిని ఉద్ధరించాలి, అందుకు ఒక భవనం కావాలి అని తీర్మానించారు. మా ఆయన పైఅధికారి, పెద్ద ఇంజనీరు, సమితికి అధ్యక్షుడయ్యారు. స్థానికుల తరఫున సర్పంచిని కూర్చోబెట్టారు. ఆయన చాలా మంచివాడు. ఎవరేమన్నా "అట్లనే కానియ్యిండ్రి" అనేవాడు. ఎవరూ కొనని ఆస్తి మీద పన్ను కట్టలేక విసిగిపోయిన సేఠు కూడా మిల్లును వాడుకోమని చెప్పేశాడు.

ఇక మరమ్మతులు. ముందు గోడలకు సున్నం కొట్టించారు. ఏళ్లతరబడి ఆముదం తాగిన గోడలు సున్నాన్ని దగ్గరికి రానివ్వలేదు. కొట్టింది కొట్టినట్టే పెచ్చులుగా రాలి, లోపలి నుంచి పచ్చటి మరకలు మళ్లీ పైకొచ్చాయి. తర్వాత ఇనుప దిమ్మ. దేశానికి పెద్ద పెద్ద యంత్రాలు చేసిపెట్టే ఇంజనీర్లు అంతమంది దాని చుట్టూ నిలబడి ఒకరికొకరు సలహాలిచ్చుకున్నారు. గడ్డపారలు వంగాయి, ఒకాయన నడుం పట్టేసింది, దిమ్మ కదల్లేదు. చివరికి దాని మీద ఎర్రగుడ్డ కప్పి, అది శ్రమజీవుల స్మారక చిహ్నమని అధ్యక్షులు ప్రకటించారు. దిమ్మ వెనక కూర్చుంటే వేదిక సగమే కనబడుతుంది. అందుకని ఆ వెనక వరసల్ని గ్రామస్తులకు కేటాయించారు.

వేదిక వెనక తెర కోసం విజయవాడ నుంచి పెయింటరును పిలిపించారు. ఆయన కొబ్బరిచెట్లు, కాలువ, కాలువలో తెరచాప పడవ వేసి వెళ్లాడు. సర్పంచి దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"గిది ఏ చెరువు సార్?"

"కాలువండీ. మావైపు కాలువ," అన్నారు మా ఆయన.

"అట్లనా. మంచిగున్నది. నీళ్లు మస్తుగున్నయి," అన్నాడు.

ప్రారంభోత్సవం విజయదశమికి పెట్టుకున్నారు. సంగారెడ్డి నుంచి ఒక పెద్దాఫీసరు వస్తారు. మొదట ప్రార్థన, తర్వాత ఉపన్యాసాలు, తర్వాత స్థానిక సంస్కృతి, ఆ తర్వాత మా ఆయన నాటకం. స్థానిక సంస్కృతి అంటే బతుకమ్మ. కూలివాడ ఆడవాళ్లను వేదిక మీదికి పిలిచి కాసేపు ఆడించాలని ఆలోచన. కాఫీ గ్లాసులు అందిస్తూ నేను నోరు ఆపుకోలేకపోయాను.

"బతుకమ్మ మధ్యలో పెట్టుకుని గుండ్రంగా తిరుగుతారండీ. వేదిక మీద కుదరదేమో."

అధ్యక్షులు నా వైపు ఎంతో దయగా చూశారు. "గుండ్రంగా తిరిగితే సగంమంది వీపులు అతిథులకు కనబడతాయి కదమ్మా? అర్ధచంద్రాకారంలో నిలబడితే చూడ్డానికి బాగుంటుంది. క్రమశిక్షణగానూ ఉంటుంది."

"అట్లనే కానియ్యిండ్రి," అన్నాడు సర్పంచి.

భవనం భాద్రపదంలోనే తయారైపోయింది. కానీ వెంటనే మహాలయ పక్షాలు వచ్చాయి. ఆ పక్షం రోజులూ పితృదేవతలవి. కొత్త పని ఏదీ తలపెట్టకూడదు, కొత్త ఇల్లు తెరవకూడదు. అందుకని కొత్త తలుపులకు కొత్త తాళం వేసి, దశమి దాకా ఎవరూ గడప తొక్కకూడదన్నారు. తాళంచెవి కార్యదర్శి ఇంట్లో, అంటే మా ఇంట్లో, పంచాంగం వేలాడే మేకుకే తగిలించారు.

మర్నాడు మిల్లక్కతో ఈ కబురు చెప్పాను. విజయదశమి నాడు మీకు వేదిక మీద ఆడే అవకాశం ఇచ్చారు అన్నాను. నా గొంతులో కొంచెం గొప్ప కూడా ఉండే ఉంటుంది. ఆమె చేతిలో పీచు ఆగిపోయింది.

"దసర్నాడా? బతుకమ్మనా?"

"ఏం, కాదా?"

"దసరకు రెండు దినాల ముంగటనే సద్దుల బతుకమ్మను సాగనంపుతం గదమ్మా. చెరువుల ఇడిసినంక మల్ల యాడికెల్లి తెస్తం? మీరు ఇనాయకుణ్ణి నీళ్లల్ల ఏసినంక మల్ల తెల్లారి తీస్కొచ్చి పూజ జేస్తరా?"

నేను నాలుక కరుచుకున్నాను. "మరి మొదలయ్యేదెప్పుడు?"

"పెత్రమాస నాడు. పొద్దుగాల పెద్దలకు బియ్యమిచ్చుడు, మాపటికి బతుకమ్మ ఎత్తుడు."

పెత్రమాస అంటే మహాలయ అమావాస్య. మా ఆయన నల్లనువ్వులు, దర్భలు పట్టుకుని తర్పణాలు వదిలే రోజు. మావాళ్లు కొత్త కుండ కూడా దింపని రోజు. స్థానిక సంస్కృతిని ఉద్ధరించడానికి అన్ని మీటింగులు పెట్టి, అన్ని కాఫీలు తాగి, ఆ సంస్కృతి మొదలయ్యే రోజున తాళం వేసి, అది ముగిసి చెరువులో కలిశాక తలుపు తీసి రమ్మన్నారు. పంచాంగం చూసి మరీ చేశారు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన నిజంగానే కంగారుపడ్డారు. సర్పంచిని కబురంపి పిలిపించారు.

"బతుకమ్మ దశమి నాడు ఉండదట కదండీ. మీరు మాతో ఒక్క మాట చెప్పలేదే?"

"మీరు అడగలె గద సార్," అన్నాడు సర్పంచి.

అమావాస్య రోజున కూడా వాన పడింది. పొద్దున తర్పణాలయ్యాయి, గారెలు, పరమాన్నంతో భోజనాలయ్యాయి. పితృదేవతల కంటే మా ఆయనే ఎక్కువ తృప్తిపడి మంచం మీద కునుకు తీస్తున్నారు. సాయంత్రం చీకటి పడకముందు వాకిట్లో గాజుల చప్పుడైంది. మిల్లక్క. వెనకాల కూలివాడ ఆడవాళ్లంతా. తలల మీద గోనెసంచులు కప్పుకుని, పళ్లాల్లో బతుకమ్మలను కొంగుల కింద దాచుకుని నిలబడ్డారు. మిల్లక్క పక్కన ఆమె కూతురు. అత్తగారింటి నుంచి పండక్కి వచ్చింది. గునుగుపూల రంగు కారి ఆ పిల్ల చేతులు గులాబీగా ఉన్నాయి.

"తాళంచెయ్యి ఇయ్యమ్మా," అంది మిల్లక్క.

మా ఆయన లేచి వచ్చారు. కసిరే మనిషి కాదు ఆయన. మర్యాదగానే మాట్లాడారు.

"ఇవాళ అమావాస్య కదమ్మా. కొత్త భవనం, ఇంకా ప్రారంభం కాలేదు. ఈ ఏడాదికి ఊళ్లోనే ఆడుకోండి. అదంతా మీకోసం కట్టిందే కదా, ఎక్కడికీ పోదు."

"మా కోసమే కట్టిన్రు సారు. మాకే తాళమేసిన్రు."

మిల్లక్క గొంతు పెంచలేదు. అప్పటివరకు నేను ఆమె గొంతు అంత తగ్గించి మాట్లాడడం వినలేదు.

"ఊళ్లెకు పోయే వస్తున్నం. అరుగుల మీదికెల్లి నవ్వుతున్నరు, ఏమే, మీ మిల్లు సార్లు గుంజుకున్నరా అని. జెర అవుతలికి జరుగుండ్రి అన్నరు. నాకైతే అలవాటే. నా బిడ్డకు లగ్గమైనంక గిదే మొదటి బతుకమ్మ సారు. మిల్లు బందైనప్పుడు గింత పోరి. బుద్ధెరిగినకాడికెల్లి గా గచ్చు మీదనే ఆడింది. ఒక్కలు గూడ దాన్ని అవుతలికి జరుగుమనలె. ఇయ్యాల ఊళ్లె అనిపిచ్చుకున్నది."

కూతురు తల వంచుకుని బతుకమ్మ మీది పూలు సర్దుతోంది. సర్దడానికి అక్కడేమీ చెదిరిపోలేదు.

నాకు కోపం వచ్చింది. మా ఆయన మీద, అధ్యక్షుల మీద, అర్ధచంద్రాకారం మీద, ఆ పడవ తెర మీద, అన్నిటి మీదా ఒకేసారి వచ్చింది. లోపలికి వెళ్లి మేకు మీది తాళంచెవి లాగాను. దాంతోపాటు పంచాంగం కూడా కిందపడింది. తీయలేదు.

"ఏమే, నీకేమైనా మతిపోయిందా? అధ్యక్షులకు ఏం చెప్పమంటావు?"

"మీ ఆవిడకు మతిపోయిందని చెప్పండి. ఈ భవనానికి నేను కలిపిన కాఫీలకు ఒక్క తలుపైనా నా వాటాకు రాదా?" అని గొడుగు తీసుకుని వాకిలి దిగాను.

కొత్త తాళం, వానకు బిగిసింది. తొందరగా రాలేదు. మిల్లక్క నా చేతి మీద చెయ్యి వేసి తిప్పింది. తలుపులు తెరుచుకోగానే లోపలి ఆముదం కంపు సున్నం వాసనను తోసుకుని మా ముఖాలకు కొట్టింది. ఆ ఆడవాళ్లు దాన్ని గుండెల నిండా పీల్చుకున్నారు. లోపల హాలంతా వరసలుగా కుర్చీలు. అతిథుల కుర్చీలు, అధికారుల కుర్చీలు, వారి సతీమణుల కుర్చీలు. మిల్లక్క కూతురు అవన్నీ ఒకసారి కలయజూసి, అప్పటిదాకా పలకని పిల్ల, గట్టిగా అంది:

"గీ కుర్సీలను జెర అవుతలికి జరపుండ్రి!"

అందరూ గొల్లుమన్నారు. కుర్చీలు గోడలకు చేరాయి. ఇనుప దిమ్మ మీద ఎర్రగుడ్డ ఉండనే ఉంది, మరీ మంచిదైంది. దాని మీద బతుకమ్మలు పెట్టి, పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, బొమ్మలకొలువుకు వచ్చిన పేరంటాలిలా. మిల్లక్క చూసి, వచ్చి, నా రెక్క పట్టుకుని వలయంలోకి లాగింది. వంగడం నాకు రాలేదు, లేవడం అంతకన్నా రాలేదు. అందరి చప్పట్లయ్యాక నా చప్పట్లు వినబడేవి. కూతురు నన్ను చూసి కళ్లలో నీళ్లు వచ్చేటట్టు నవ్వింది. పుట్టింటి గడప దాటి వచ్చాక నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఈ మాట మా ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

ఆయన కూడా గొడుగేసుకుని వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. ఎవరైనా చూస్తున్నారేమోనని రోడ్డు వైపు కాసేపు, లోపలికి కాసేపు చూశారు. తర్వాత్తర్వాత రోడ్డు వైపు చూడడం మానేశారు.

మర్నాడు అత్యవసర సమావేశం. కాఫీలు మామూలే. అమావాస్య నాడు, ప్రారంభోత్సవానికి ముందే, అదీ ఎవరి చేతనో భవనం ప్రారంభమైపోయిందని అధ్యక్షులు తల పట్టుకున్నారు. పురోహితుణ్ణి పిలిచారు. ఆయన లోకజ్ఞానం ఉన్న మనిషి.

"శుద్ధి చేయాల్సిందే. కానీ ఎలాగూ ఒకసారి మైలపడిపోయింది కదా. వాళ్లు అష్టమి దాకా ఆడతారంటున్నారు. ఇవాళ శుద్ధి చేస్తే సాయంత్రానికి మళ్లీ చేయాలి. అంతా అయ్యాక ఒకేసారి చేసేద్దాం," అన్నాడు.

శాస్త్రమే ఒప్పుకున్నాక సమితి ఏం చేస్తుంది? ఆ ఏడాది సద్దుల దాకా ఆ గచ్చు మీద పాట ఆగలేదు.

విజయదశమి నాడు పుణ్యాహవచనం చేసి, నీళ్లు చల్లి, భవనాన్ని రెండోసారి ప్రారంభించారు. కార్యక్రమాన్ని మార్చడానికి వీల్లేదు, బతుకమ్మ ఉండి తీరాలన్నారు అధ్యక్షులు. కూలివాడ ఆడవాళ్లు రామన్నారు కాబట్టి, అధికారుల భార్యలే పట్టుచీరలు కట్టుకుని, కాగితం పూలతో బతుకమ్మ చేసుకుని, పడవ తెర ముందు అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. అనుభవం ఉంది కదా అని నన్నూ పిలిచారు. మోకాళ్ల నొప్పి అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

సంగారెడ్డి నుంచి వచ్చిన పెద్దాఫీసరు ఈ ప్రాంతం మనిషే. కొంచెంసేపు వేదిక వైపు చూసి, పక్కనున్న సర్పంచి వైపు వంగాడు.

"ఇయ్యాల దసరనే గదా?"

"దసరనే సార్."

"మరి గీ బతుకమ్మేంది?"

"అట్లనే కానిచ్చిన్రు సార్," అన్నాడు సర్పంచి.

మిల్లక్క, ఆమె కూతురు ఇనుప దిమ్మ వెనక, గ్రామస్తుల వరసలో కూర్చున్నారు. నేను వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. మాకు అర్ధచంద్రంలో సగమే కనబడింది. ఎలా ఉందని మిల్లక్కను అడిగాను.

"మంచిగనే ఆడిన్రమ్మా. గని గట్ల బెదురుకుంట, ఒక్క పక్కకే నిలవడి ఎందుకాడిన్రు? ఆళ్లను గూడ ఎవలన్న అవుతలికి జరుగుమన్నరా?"

నాకు నవ్వు రాలేదు. పట్టుచీరల్లో, కాగితం పూలతో, వీపులు కనబడకుండా ఒద్దికగా నిలబడ్డ మావాళ్లను అప్పుడు మళ్లీ చూశాను. వాళ్లమీద జాలేసింది.

మా ఆయన నాటకం సంగతి చెప్పకపోవడమే మర్యాద. పద్యాలకు రేకులు బాగా ప్రతిధ్వనించాయి. ఆయన ఒక పద్యం అందుకుంటే రెండు వినబడేవి, జనం రెండింతలు తొందరగా లేచిపోయారు. ఆ తర్వాత రెండు మూడేళ్లు ఏవో ఆడారు. తర్వాత అధ్యక్షులకు ప్రమోషన్ వచ్చింది, రాణిగారికి గడ్డం వచ్చింది, ఒక్కొక్కరికీ క్వార్టర్సు వచ్చాయి. కళ వాళ్లతోపాటే కాలనీకి వెళ్లిపోయింది. తెర మీది కొబ్బరిచెట్లను ఎలుకలు కొట్టేశాయి. డెబ్బైల చివరికి ఆ భవనం తలుపు తీసేది పెత్రమాసకు ఒక్కసారే. మిల్లక్క వచ్చి మా గుమ్మం ముందు నిలబడేది, నేను మేకు మీది తాళంచెవి ఇచ్చేదాన్ని, సద్దులు కాగానే ఊడ్చి, తాళం వేసి తెచ్చి ఇచ్చేది. మా ఆయన ఏమీ అనేవారు కాదు. ఒక ఏడాది వానలో ఆలస్యమైతే, వాళ్లింకా రాలేదేమని ఆయనే అడిగారు.

చివరికి మాకూ క్వార్టర్సు వచ్చాయి. తాళంచెవిని అప్పజెప్పడానికి సమితి కోసం మా ఆయన నిజాయితీగా వెతికారు. సమితి ఎక్కడా లేదు. సామాను కట్టే రోజున నేనే తాళంచెవి తీసుకుని మిల్లక్క ఇంటికి వెళ్లాను. ఇకనుంచి ఇది నీ దగ్గరే ఉంచుకో అన్నాను. ఎంతో గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. ఆమె చెయ్యి చాపలేదు.

"తాళంచెయ్యి నాకెందుకమ్మా?"

"మరి తలుపు ఎట్లా తీస్తారు?"

"ఇయ్యాల నా తాన ఉంటది. రేపు ఎవలో పెద్దమనిషి వచ్చి, నీ తాన ఎందుకే, ఇటు తే అంటడు. ఇస్త. మల్ల ఏటేట ఆళ్ల వాకిట్ల నిలవడాలె, ఇయ్యిండ్రి సారు అనుకుంట. నీ వాకిట్ల నిలవడలేదా గిన్నేండ్లు?"

నిలబడింది. ప్రతి ఏటా నిలబడింది. ప్రతి ఏటా నేను ఇచ్చాను, ఇచ్చి సంతోషపడ్డాను. ఆమె అడగకుండా తలుపు తీసుకోవలసిన మనిషి అని నాకు ఒక్క ఏడు కూడా తోచలేదు.

"తాళమే లేకుంటే సరిపాయె గదమ్మా," అంది ఆమె మామూలుగా, గిన్నెలు ఎక్కడ బోర్లించాలో చెప్పినట్టు.

ఇద్దరం మిల్లు దాకా నడిచాం. తాళం తీశాను. తాళం, చెవి రెండూ కొంగున ముడేసుకున్నాను. తలుపులు దగ్గరికి కూడా వేయకుండా వదిలి వచ్చాం. ఇంటి దగ్గర లారీలో సామాను సర్దుతున్న మా ఆయన నా కొంగు బరువు చూసి అదేమిటన్నారు.

"సమితి ఆస్తి," అన్నాను.

ఆయన మిల్లు వైపు చూశారు. ట్రంకుపెట్టె మూత తెరిచారు. ఆ తాళం ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. దాన్ని మళ్లీ దేనికీ వేయలేదు.